అడవి పండు పేగుకు అడ్డుపడితే: పెద్దల్లో పేగు మూసుకుపోవడానికి ఒక అరుదైన కారణం

జగదల్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లో బస్తర్ అడవుల్లో తునికి చెట్ల చుట్టూ సందడి పెరుగుతుంది. తెల్లవారకముందే కుటుంబాలు అడవి దారి పడతాయి. లేత ఆకులు కోసి, యాభైయేసి చొప్పున కట్టలు కట్టి, మధ్యాహ్నానికి కళ్లానికి చేరుస్తాయి. యాభై ఆకుల కట్టలు వెయ్యి కలిస్తే ఒక ప్రామాణిక బస్తా. 2024 నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ బస్తాకు 5,500 రూపాయలు చెల్లిస్తోంది. బీడీ పరిశ్రమకు ప్రాణాధారమైన ఈ ఆకును ఇక్కడివారు పచ్చ బంగారం అంటారు.

ఆకు వేళలోనే పండూ వస్తుంది. హిందీలో తేందూ, ఒడియాలో కెందు, తెలుగులో తునికి లేక తుమికి అని పిలిచే ఈ చెట్టు పండు పసుపు రంగులో గుండ్రంగా ఉంటుంది. లోపల తియ్యని జిగురు గుజ్జు, నున్నని గట్టి గింజలు ఉంటాయి. పని మధ్యలో సొరబుర్రలోని అంబలి తాగి, చేతికందిన పండ్లు తినడం అడవి బతుకులో భాగం. సంతల్లోనూ ఈ పండ్లు కుప్పలుగా అమ్ముడవుతాయి.

వగరు తగ్గని పండ్లను ఖాళీ కడుపుతో, సరిగా నమలకుండా, పెద్దమొత్తంలో తింటే ఒక్కోసారి అవి కడుపులో రాయిలా గడ్డకట్టి పేగుకు అడ్డుపడవచ్చు. వైద్యశాస్త్రం ఇలాంటి గడ్డను బెజోర్ అంటుంది. పెద్దల్లో పేగు మూసుకుపోవడానికి ఇది అరుదైన కారణం. అరుదైనది కనుకనే రోగికీ, ఇంటివారికీ, కొన్నిసార్లు వైద్యునికీ తొలుత తట్టదు. ఆ ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది.

పేగు మూసుకుపోవడం అంటే

పెద్దవారిలో చిన్నపేగు పొడవు సుమారు ఆరు మీటర్లు. దాని లోపలి వెడల్పు మాత్రం రెండున్నర సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. తిన్న ఆహారాన్ని ఈ గొట్టం అలలు అలలుగా ముడుచుకుంటూ ముందుకు నెడుతుంది. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు గోడల స్రావాలు కలిపి రోజుకు ఏడెనిమిది లీటర్ల ద్రవం ఈ మార్గంలోకి వస్తుంది. అందులో దాదాపు అంతటినీ పేగు తిరిగి పీల్చుకుంటుంది.

మధ్యలో ఎక్కడైనా అడ్డు పడితే ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. అడ్డుకు ఎగువన ద్రవం, వాయువు పేరుకుపోయి పేగు ఉబ్బుతుంది. ముందుకు నెట్టడానికి పేగు మరింత బలంగా ముడుచుకుంటుంది. ఆగి ఆగి మెలితిప్పే నొప్పి అందువల్లనే వస్తుంది. దారి లేని ద్రవం వాంతిగా పైకి తన్నుకొస్తుంది. ఒంట్లోని నీరు, లవణాలు వేగంగా తరిగిపోతాయి. ఉబ్బిన పేగు గోడలో రక్తప్రసరణ ఆగితే ఆ భాగం కుళ్లుతుంది, ఆపై చిల్లు పడుతుంది. అప్పుడు పేగులోని మలినం పొట్టంతటా వ్యాపించి, సూక్ష్మజీవుల విషం రక్తంలో కలుస్తుంది.

ప్రధాన లక్షణాలు నాలుగు: ఆగి ఆగి వచ్చే కడుపునొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం, మలంతో పాటు అపానవాయువు కూడా పోకపోవడం. నాలుగూ ఒకేసారి కనిపించాలని లేదు. అడ్డు చిన్నపేగులో ఎగువన ఉంటే వాంతులు ముందుగా మొదలవుతాయి, ఉబ్బరం తక్కువగా ఉంటుంది. అడ్డు దిగువన ఉంటే ఉబ్బరం ఎక్కువ, వాంతులు ఆలస్యం. అడ్డుకు దిగువన ముందే ఉన్న మలం ఒకటి రెండుసార్లు బయటికి రావచ్చు. విరేచనం అయింది కదా అని నిశ్చింతగా ఉండటం అందుకే ప్రమాదకరం.

పెద్దల్లో చిన్నపేగు మూసుకుపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం పాత శస్త్రచికిత్సల తర్వాత పేగుల మధ్య ఏర్పడే అతుకులు. ఆ తర్వాతి స్థానాల్లో గిలక, కణితులు ఉంటాయి. మన దేశంలో పేగు క్షయ వల్ల ఏర్పడే ఇరుకులూ ముఖ్యమైనవే. బెజోర్ వాటా వైద్య గ్రంథాల లెక్క ప్రకారం నూటికి 0.4 నుంచి 4 వరకు మాత్రమే.

విషానికి విరుగుడు అనుకున్న రాయి

బెజోర్ అనే మాటకు మూలం పారశీక భాషలోని పాద్‌జహర్. విషానికి విరుగుడు అని దాని అర్థం. మేకలు, జింకల వంటి జంతువుల కడుపులో దొరికే రాళ్లకు విషాన్ని విరిచే శక్తి ఉందని మధ్యయుగాల్లో ఆసియాలోనూ యూరప్‌లోనూ గట్టిగా నమ్మేవారు. రాజులు వాటిని బంగారంతో పొదిగించి దాచుకునేవారు. పదహారో శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో చార్లెస్ వద్ద ఉన్న అలాంటి రాయి మహిమను శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారే శంకించాడు. వెండి సామాను దొంగిలించి మరణశిక్ష పడిన ఒక వంటవానికి విషమిచ్చి, ఆ రాయినీ ఇచ్చి చూశారు. వంటవాడు బాధతో కొన్ని గంటల్లోనే మరణించాడు. రాయి వట్టిదని తేలిపోయింది.

నేటి వైద్యంలో బెజోర్ అంటే మనిషి జీర్ణమార్గంలో అరగని పదార్థం పేరుకుని ముద్దకట్టిన గడ్డ. దేనితో ఏర్పడిందన్న దాన్నిబట్టి దానికి పేరు మారుతుంది. వెంట్రుకలు తినే అలవాటు ఉన్నవారిలో ఏర్పడేది ట్రైకోబెజోర్. మందు బిళ్లలు పేరుకుంటే ఫార్మకోబెజోర్. పసిపిల్లల్లో పాలు గడ్డకడితే లాక్టోబెజోర్. పండ్లు, కూరగాయల పీచుతో ఏర్పడేది ఫైటోబెజోర్. పెద్దల్లో ఎక్కువగా కనిపించేది ఈ చివరిదే. నారింజ తొనల తొక్క, పుట్టగొడుగులు, కొబ్బరి, పీచు ముదిరిన కూరలు దీనికి కారణమవుతుంటాయి.

ఫైటోబెజోర్లలో ఒక రకానికి ప్రత్యేకంగా డయోస్పైరోబెజోర్ అనే పేరుంది. డయోస్పైరస్ ప్రజాతి పండ్లతో ఏర్పడేది కనుక దానికి ఆ పేరు. మిగతా వాటికన్నా ఇది గట్టిది, కరగడం కష్టం. జపాన్, కొరియా, చైనా, ఇజ్రాయెల్, అమెరికాల్లో పర్సిమన్ పండు వల్ల ఏర్పడిన కేసులు పెద్దసంఖ్యలో నమోదయ్యాయి. బస్తర్ తునికి ఆ పర్సిమన్‌కు దాయాది.

ఒకే కుటుంబం, ఒకే వగరు

తునికి శాస్త్రీయ నామం డయోస్పైరస్ మెలనాక్సిలాన్. రెండో మాటకు నల్లని కలప అని అర్థం. ముదిరిన చెట్టు చేవ నల్లగా నిగనిగలాడుతుంది. ఇంగ్లీషులో దీన్ని కోరమండల్ ఎబొనీ అంటారు. ఆ పేరులో తెలుగు తీరం ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ గోదావరి మండలంలోని సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి ఈ ప్రాంతపు మొక్కలను బొమ్మలు గీయించి వర్ణించాడు. 1795 నుంచి వెలువడిన ఆయన కోరమండల్ తీర వృక్షాల గ్రంథంలో తునికి కూడా చోటు చేసుకుంది.

ఈ ప్రజాతి పండ్ల కాయ దశలో వగరుకు కారణం టానిన్లు. పచ్చికాయ కొరికితే నాలుక, చిగుళ్లు పిడచకట్టినట్టవుతాయి. నోటిలోని ప్రోటీన్లతో టానిన్లు పెనవేసుకోవడమే అందుకు కారణం. పండు బాగా మాగేకొద్దీ కరిగే టానిన్లు కరగని రూపంలోకి మారి వగరు పోతుంది, తీపి నిలుస్తుంది.

వగరు పోని పండు కడుపులోకి చేరితే పరిస్థితి వేరు. జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగలగానే కరిగే టానిన్ల అణువులు ఒకదానికొకటి అతుక్కుని జిగురుగా గడ్డకడతాయి. ఆ జిగురు పండు పీచును, తొక్కను, ప్రోటీన్లను కలుపుకుని ముద్దవుతుంది. మళ్లీ మళ్లీ తింటే ముద్ద మీద పొరలు చేరి అది ఎండిన బంకమట్టిలా గట్టిపడుతుంది. చిన్న ముక్కలు ఎప్పటికప్పుడు కిందికి జారిపోతాయి. పెద్ద ముద్ద మాత్రం జఠర ద్వారం దాటలేక కడుపులోనే ఉండిపోతుంది.

గింజల సంగతి వేరు. తునికి, సీతాఫలం, రేగు వంటి పండ్ల గింజలను మింగేస్తే చాలావరకు అవి పేగు దాటిపోతాయి. పెద్దసంఖ్యలో మింగితే దిగువన పెద్దపేగు చివర, మలాశయంలో మూటకట్టి తీవ్రమైన మలబద్ధకం కలిగించవచ్చు. పేగు క్షయ వల్ల అప్పటికే ఇరుకు ఏర్పడినవారిలో ఆ ఇరుకు దగ్గర ఒక్క గింజ చిక్కుకున్నా దారి మూసుకుపోగలదు.

ముప్పు ఎవరికి

ఒకే చెట్టు పండ్లు ఒకే పూట తిన్న పదిమందిలో తొమ్మిదిమందికి ఏమీ కాదు. పదో మనిషికి ఎందుకవుతుంది? జవాబు చాలాసార్లు ఆ మనిషి పొట్ట మీద పాత మచ్చలో దొరుకుతుంది.

డుయోడినం పుండుకు ఒకప్పుడు శస్త్రచికిత్సే ప్రధాన చికిత్స. జీర్ణాశయానికి ఆమ్లం ఊరమని ఆజ్ఞాపించే వేగస్ నరాన్ని కోసి, కడుపును చిన్నపేగుకు నేరుగా కలిపేవారు. దక్షిణ భారతంలో ఈ పుండు ఎక్కువగా ఉండేది కనుక అలాంటి శస్త్రచికిత్సలూ ఎక్కువగానే జరిగాయి. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ పుండ్లకు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవితో ఉన్న సంబంధాన్ని కనుగొన్నారు. 2005లో వారికి నోబెల్ బహుమతి దక్కింది. మందులతోనే పుండు నయమవుతున్నందున ఆ శస్త్రచికిత్సలు నేడు అరుదయ్యాయి. అప్పట్లో ఆపరేషన్ చేయించుకున్నవారు ఇప్పుడు వృద్ధులు.

వేగస్ నరం తెగిన కడుపు సరిగా నలపదు, ఆహారాన్ని ముక్కలు చేయదు. కడుపుకూ పేగుకూ మధ్య కొత్తగా ఏర్పరచిన దారి వెడల్పుగా ఉంటుంది. నమలని ఆహారం, ముద్దకట్టిన పదార్థం ఆ దారిలో నేరుగా చిన్నపేగులోకి జారిపోతాయి. పుండుకు శస్త్రచికిత్స జరిగినవారిలో పర్సిమన్ బెజోర్ల వల్ల పేగు మూసుకుపోవడం అసాధారణంగా ఎక్కువగా ఉందని ఇజ్రాయెల్ వైద్యులు 1983లోనే హెచ్చరించారు. బరువు తగ్గడానికి జీర్ణాశయ శస్త్రచికిత్సలు చేయించుకునేవారి సంఖ్య పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ హెచ్చరికకు ప్రాధాన్యం తగ్గలేదు.

దంతాలు ఊడినవారు, కట్టుడు పళ్లతో సరిగా నమలలేనివారు రెండో వర్గం. దీర్ఘకాలిక మధుమేహం వల్ల కడుపు కదలికలు మందగించినవారు, థైరాయిడ్ లోపం ఉన్నవారు, నీరు తక్కువ తాగేవారు, పీచు ఎక్కువగా ఉన్న ఆహారాన్ని ఆదరాబాదరాగా మింగేవారు మూడో వర్గం. అడవిలో ఎండలో పనిచేస్తూ, నీరు చాలక, ఆకలికి పండ్లతోనే పొట్ట నింపుకునే వృద్ధునిలో ఈ కారణాలు ఒకటికి రెండు కలుస్తాయి. ఆయన పొట్ట మీద పాత మచ్చ కూడా ఉంటే ముప్పు మరింత పెరుగుతుంది.

ఇరుక్కునే చోటు

కడుపులో ఉన్నంతకాలం బెజోర్ తరచు పెద్దగా ఇబ్బంది పెట్టదు. కొంచెం తింటేనే కడుపు నిండినట్టుండటం, పైపొట్టలో బరువు, వికారం, బరువు తగ్గడం వంటివి ఉంటాయి. కడుపు గోడను ఒరుసుకుని పుండు పడితే రక్తస్రావమూ జరగవచ్చు. వీటిని గ్యాస్‌గా భావించి మందుల దుకాణంలో బిళ్లలు కొనుక్కుని సరిపెట్టుకునేవారే ఎక్కువ.

గడ్డ మొత్తంగా గానీ, దాని ముక్క గానీ చిన్నపేగులోకి జారినప్పుడు అసలు కథ మొదలవుతుంది. చిన్నపేగు చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాని కదలికలూ అక్కడ నెమ్మదిస్తాయి. పేగు నీటిని పీల్చుకోవడం వల్ల గడ్డ మరింత గట్టిపడుతుంది. చిన్నపేగు పెద్దపేగును కలిసే చోటుకు 50 నుంచి 75 సెంటీమీటర్ల ఎగువన గడ్డ ఎక్కువగా ఇరుక్కుంటుంది. పండు తిన్న మర్నాడే ఇది జరగవచ్చు. వారాల తర్వాతా జరగవచ్చు. అందువల్ల రోగికి పండుకూ నొప్పికీ సంబంధం ఉందని తోచదు.

ఏం తిన్నారన్న ప్రశ్న

పేగు మూసుకుపోయిందని తెలుసుకోవడం వైద్యునికి పెద్ద కష్టం కాదు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఉబ్బిన పేగులు, వాటిలో మెట్లు మెట్లుగా నిలిచిన ద్రవం మట్టాలు కనిపిస్తాయి. ఎందుకు మూసుకుపోయిందో మాత్రం ఎక్స్‌రే సాధారణంగా చెప్పదు. అల్ట్రాసౌండ్‌లో గడ్డ ఉపరితలం వంపు తిరిగిన మెరుపు గీతలా, దాని వెనుక చీకటి నీడలా కనిపించవచ్చు. అన్నిటికన్నా నమ్మదగినది సీటీ స్కాన్. ఉబ్బిన పేగు హఠాత్తుగా సన్నబడే చోట, లోపల గాలి బుడగలు చిక్కుకున్న కోడిగుడ్డు ఆకారపు ముద్ద కనిపిస్తే బెజోర్ అని దాదాపు నిశ్చయించవచ్చు.

పెద్ద నగరంలో ఈ పరీక్ష గంటలో పూర్తవుతుంది. దట్టమైన అడవిలోని గ్రామానికి అది దూరం. అందుకే ఇక్కడ ఖర్చులేని పరీక్ష ఒకటి ఎంతో విలువైనది. అది రోగిని అడిగే ప్రశ్న: ఈ మధ్య ఏం తిన్నారు? ఎంత తిన్నారు? ఖాళీ కడుపుతోనా? పూర్వం కడుపుకు ఆపరేషన్ అయిందా? నోట్లో పళ్లున్నాయా?

ఈ ప్రశ్న అడగడం అనిపించినంత సులభం కాదు. బస్తర్‌లో హల్బీ, గోండీ, దోర్లీ, ఛత్తీస్‌గఢీ, హిందీ, ఒడియా, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. సుక్మా, బీజాపూర్ జిల్లాల దక్షిణ భాగాల నుంచి రోగులు తెలంగాణలోని భద్రాచలం, వరంగల్ ఆసుపత్రులకు రావడం పరిపాటి. రోగి తేందూ అంటే తెలుగు వైద్యునికి తెలియకపోవచ్చు. తునికి అంటే రాయ్‌పూర్ వైద్యునికి తెలియకపోవచ్చు. అడవి పండు తినడం చెప్పదగిన విషయమేనని రోగి అనుకోకపోనూవచ్చు. పండు పేరును రోగి మాటలోనే అడిగి తెలుసుకున్న నర్సు లేదా ఆరోగ్య కార్యకర్త ఇచ్చే సమాచారం చాలాసార్లు స్కాన్‌తో సమానం.

చికిత్స

పేగు మూసుకుపోయిన రోగికి నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. ముక్కు గుండా కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేసి పేరుకున్న ద్రవాన్ని బయటికి తీస్తారు. నరం ద్వారా సెలైన్ ఎక్కించి కోల్పోయిన నీటిని, లవణాలను భర్తీ చేస్తారు. మూత్రం ఎంత వస్తోందో కొలుస్తూ ఒంట్లో నీటి స్థితిని అంచనా వేస్తారు. ఈ పనులు చిన్న ఆసుపత్రిలోనూ సాధ్యమే. పెద్దాసుపత్రికి పంపే ముందే ఇవి మొదలైతే రోగి ప్రయాణాన్ని తట్టుకోగలడు.

గడ్డ ఇంకా కడుపులోనే ఉంటే శస్త్రచికిత్స తప్పించుకునే వీలుంది. ఎండోస్కోప్ గొట్టాన్ని నోటి ద్వారా లోపలికి పంపి గడ్డను ముక్కలు చేసి తీస్తారు. ఇందులో కోకాకోలా పాత్ర ఆసక్తికరం. 2002లో గ్రీస్ వైద్యులు ఈ పానీయంతో కడుపులోని ఫైటోబెజోర్లను కరిగించినట్టు వెల్లడించారు. అప్పటివరకు ప్రచురితమైన 46 మంది రోగుల వివరాలను 2013లో క్రోడీకరించినప్పుడు, పానీయం ఒక్కదానితోనే సుమారు సగం మందిలో గడ్డ కరిగిందని, ఎండోస్కోపీ కూడా తోడైతే పదింట తొమ్మిది మందికి పైగా ఫలితం దక్కిందని తేలింది. పానీయంలోని ఆమ్లగుణం, కార్బన్ డయాక్సైడ్ బుడగలు పీచు మధ్యకు చొచ్చుకుపోయి గడ్డను వదులు చేస్తాయని భావిస్తున్నారు. పర్సిమన్ గడ్డల్లో మాత్రం ఈ పానీయం ఒంటరిగా అంతగా పనిచేయలేదు.

ఈ సంగతి చదివి ఇంట్లో ప్రయోగం చేయడం మాత్రం తగదు. అది కడుపులోని గడ్డకు, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే చికిత్స. సగం కరిగిన ముక్క పేగులోకి జారి అక్కడ ఇరుక్కున్న సందర్భాలు ఉన్నాయి. పేగు ఇప్పటికే మూసుకుపోతే తాగిన ప్రతి గుక్క ఉబ్బరాన్ని పెంచి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదాన్ని తెస్తుంది.

పేగులో ఇరుక్కుని కదలని గడ్డకు సాధారణంగా శస్త్రచికిత్సే మార్గం. పొట్ట తెరిచి, లేదా లాపరోస్కోపీ ద్వారా, గడ్డ ఉన్న చోటును గుర్తిస్తారు. గడ్డ మెత్తగా ఉంటే పేగు బయటి నుంచి వేళ్లతో నెమ్మదిగా పిండుతూ దాన్ని పెద్దపేగులోకి జారుస్తారు. వెడల్పైన పెద్దపేగుకు చేరాక అది మలంతో పాటు బయటికి పోతుంది. గట్టిగా ఉంటే పేగుకు చిన్న గాటు పెట్టి గడ్డను తీసి, కుట్లు వేస్తారు. పేగు కుళ్లితే ఆ భాగాన్ని కోసి తీసివేసి, మిగిలిన చివరలను కలపాల్సి వస్తుంది.

ఈ దశలో మరో జాగ్రత్త అవసరం. పేగులో ఒక గడ్డ ఉన్నవారిలో ఐదుగురిలో ఒకరి దాకా కడుపులోనో, పేగులో మరోచోటో ఇంకో గడ్డ ఉండవచ్చు. అందువల్ల శస్త్రవైద్యులు కడుపు నుంచి పెద్దపేగు దాకా చేత్తో తడిమి చూస్తారు. దాన్ని వదిలేస్తే కొద్దిరోజుల్లోనే రోగి అదే బాధతో తిరిగివస్తాడు.

గంటలు లెక్కపెట్టాల్సిన చోట

పాత బస్తర్ జిల్లా విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అది కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. నేడు అదే నేల ఏడు జిల్లాలుగా ఉంది. జగదల్‌పూర్‌లో 2006లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. దివంగత బలీరామ్ కశ్యప్ పేరున్న ఆ కళాశాల ఆసుపత్రి డిమ్రాపాల్‌లో ఉంది. డివిజన్‌లోని మారుమూల రోగులకు అది పెద్ద ఆధారం. అయితే వాగులు, కొండలు, దశాబ్దాల హింస వల్ల ఆలస్యంగా వచ్చిన రోడ్లు ఆ ఆధారాన్ని చాలా గ్రామాలకు ఇప్పటికీ దూరంగానే ఉంచుతున్నాయి.

నొప్పి మొదలయ్యాక ఇంటివారు తొలుత ఆశ్రయించేది తరచు సిరహానో, గునియానో. ఆ సంప్రదాయాన్ని తక్కువ చేయనక్కర్లేదు. రోగి నమ్మకం అక్కడ ఉంది. అయితే ఆ తొలి గంటల్లో భేది మందు తాగించడం, పొట్ట గట్టిగా మర్దించడం, వేడి కాపడం పేరిట పొట్ట మీద వాతలు పెట్టడం హాని చేస్తాయి. మూసుకున్న పేగుకు భేది మందు ఇవ్వడమంటే, తలుపు మూసి ఉన్న గదిలోకి జనాన్ని ఇంకా తోయడమే. గదిలో వత్తిడి పెరుగుతుందే గానీ తలుపు తెరుచుకోదు.

వైద్యానికీ గ్రామానికీ మధ్య వారధి ఛత్తీస్‌గఢ్‌లో చాలాకాలంగా ఉంది. 2002లో మొదలైన మితానిన్ కార్యక్రమం కింద ప్రతి పాడాలో ఒక మహిళ ఆరోగ్య కార్యకర్తగా శిక్షణ పొందింది. ఆ తర్వాత దేశమంతటా వచ్చిన ఆశా వ్యవస్థకు ఇదే ఒక ఒరవడి. వారపు సంతలకే వైద్య బృందాలు వెళ్లే హాట్ బజార్ క్లినిక్ పథకం 2019 అక్టోబర్ 2న మొదలైంది. తునికి పండ్లు అమ్మే సంతలోనే పొట్ట ఉబ్బరంతో బాధపడే రోగిని గుర్తించే అవకాశం ఇది. 108 వాహనం ఛత్తీస్‌గఢ్‌లోనూ, పొరుగున తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనూ ఉచితమే.

కింది గుర్తుల్లో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగకూడదని వైద్యశాస్త్రం చెబుతుంది. వాంతి పచ్చగా మారడం, లేదా మలం వాసన రావడం. పొట్ట ఉబ్బి అపానవాయువు ఆగిపోవడం. ఆగి ఆగి వచ్చే నొప్పి విడవకుండా నిలిచిపోవడం. పొట్ట తాకనివ్వనంత బిగుసుకుపోవడం. జ్వరం, గుండెదడ, మూత్రం తగ్గిపోవడం. నొప్పి హఠాత్తుగా తగ్గినా రోగి నీరసించిపోతుంటే అది ఉపశమనం కాకపోవచ్చు. పేగుకు చిల్లు పడిందేమోనని అనుమానించాలి.

పండు మానాలా

మానాల్సిన పనిలేదు. వేసవిలో పంట పొలాల్లో ఏమీ లేని వేళ అడవి బిడ్డలకు తీపినీ, శక్తినీ ఇచ్చే ఆహారం ఇది. ఆదిలాబాద్ నుంచి భద్రాద్రి వరకు, ములుగు నుంచి పాడేరు మన్యం వరకు తెలుగు నేల మీద కూడా తునికి పండు రుచి తెలియని అడవి పల్లె ఉండదు. తరతరాలుగా తింటున్నవారికి ఎప్పుడు తినాలో, ఎలా తినాలో పెద్దలు నేర్పిన పద్ధతి ఉంది. ఆ పద్ధతికీ వైద్యశాస్త్రానికీ విరోధం లేదు.

చెట్టు మీదే బాగా మాగి మెత్తబడిన పండే తినాలి. నాలుక పిడచకట్టిందంటే టానిన్ ఇంకా ఉందని అర్థం, అలాంటి పండును ఉమ్మివేయడం మంచిది. తొక్క, గింజలు మింగకూడదు. ఖాళీ కడుపుతో పెద్దమొత్తంలో తినకూడదు. అంబలో, అన్నమో తిన్నాక కొద్దికొద్దిగా, బాగా నమిలి తినాలి. రోజంతా తగినంత నీరు తాగాలి. మాగబెట్టడం వల్ల ముప్పు తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు కనుక, కడుపుకు పూర్వం శస్త్రచికిత్స జరిగినవారు, పళ్లు లేని వృద్ధులు, దీర్ఘకాలంగా మధుమేహం ఉన్నవారు ఈ జాతి పండ్లకు దూరంగా ఉండటమే మేలు. నగరాల పండ్ల దుకాణాల్లో దొరికే పర్సిమన్‌కూ ఇదే నియమం వర్తిస్తుంది. ఒకసారి బెజోర్ వచ్చి తీయించుకున్నవారిలో అది మళ్లీ రావచ్చు. కారణమైన అలవాటు మారకపోతే శస్త్రచికిత్స ఒక్కటే సరిపోదు.

పేగు మూసుకుపోయిన ప్రతి రోగికీ కారణం తునికి పండు కాదు. అలాంటివారు నూటికి కొద్దిమందే. అయినా తునికి పండే ప్రాంతంలో, పండే కాలంలో, పొట్ట మీద పాత మచ్చతో, నోట పళ్లు లేకుండా వచ్చిన రోగి వాంతులతో మెలికలు తిరుగుతుంటే ఆ కొద్దిమందిలో ఒకరు కావచ్చునన్న అనుమానం ముందుగా రావాలి. ఆ అనుమానం ఇంటివారికి వస్తే రోగి రాత్రికి రాత్రే ఆసుపత్రికి చేరతాడు. వైద్యునికి వస్తే గడ్డ, పేగు కుళ్లకముందే బయటికి వస్తుంది. సకాలంలో తీస్తే ఇది నయమయ్యే బాధే.